రెండో షిఫ్టు వాళ్లు ఇంకా చూడలేదు

2024 జూన్ 10, సోమవారం సాయంత్రం ‘కల్కి 2898 ఏడీ’ సినిమా ట్రైలర్ వచ్చింది. గోదావరిఖనిలో మొదటి షిఫ్టు దిగినవాళ్లు స్నానాలు చేసి ఛాయ్ తాగుతూ చూశారు. రాత్రి షిఫ్టుకు పోవాల్సినవాళ్లు నిద్ర లేచి చూశారు. పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎన్నిసార్లు చూశారో వాళ్లకే లెక్క తెలియదు. చూడనిది రెండో షిఫ్టు వాళ్లే. అప్పటికి వాళ్లు బాయిలో ఉన్నారు.

బయటి ఊళ్ల శ్రోతల కోసం ఒక మాట. మా దగ్గర బాయి అంటే బొగ్గు గని. భూగర్భ గనిలోకి బీడీ కట్టను, అగ్గిపెట్టెను ఎట్లా పోనివ్వరో సెల్‌ఫోన్‌నూ అట్లే పోనివ్వరు. లోపల గ్యాసు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి దేశమంతా ఒకేసారి చూసి ఒకేసారి అరిచిన ఆ ట్రైలర్, రెండో షిఫ్టు వాళ్లకు మాత్రం ముందు నోటిమాటగా చేరింది. పైకి వచ్చి క్యాప్ ల్యాంప్ అప్పజెప్పేవాడికి, ల్యాంప్ తీసుకుని కిందికి దిగబోయేవాడు రెండు నిమిషాల్లో చెప్పేసిన కథ అది. “కాశీ ఒక్కటే మిగిలిందట కాకా. గంగ ఎండిపోయిందట. మీద ఆకాశంల ఇంత పెద్ద కోట ఏలాడుతున్నది. అమితాబచ్చన్ అశ్వత్థామ. మనోడు కారు ఏసుకొని తిరుగుతడు. కారు మాట్లాడుతది.” విన్న కాక అడిగింది ఒకటే ప్రశ్న. “కారు మాట్లాడుడు సరేరా, డీజిలెక్కడిది?”

నన్నడిగితే, ఆ ట్రైలర్ మీద ఆ వారంలో వచ్చిన విమర్శలన్నిటిలోకీ పదునైనది ఇదే.

ఆ రోజుల్లో మిగతా లోకం ఏమన్నదో గుర్తు చేసుకోండి. ఇది ‘డ్యూన్’ లాగా ఉందన్నారు, ‘మ్యాడ్ మ్యాక్స్’ లాగా ఉందన్నారు, ‘స్టార్ వార్స్’ పోలికలున్నాయన్నారు. దర్శకుడు నాగ్ అశ్విన్ మన పురాణాన్నీ హాలీవుడ్ అంతరిక్షాన్నీ కలిపాడని మెచ్చుకున్నవాళ్లున్నారు, కలపలేకపోయాడని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. ఖనిలో, అంటే గోదావరిఖనిలో, ఆ పేర్లు తెలియక కాదు. ఇక్కడి కుర్రాళ్లు ‘డ్యూన్’ రెండో భాగం కూడా చూసినవాళ్లే. అయినా ట్రైలర్లో దుమ్ము లేచిన తావు కనిపించగానే నోట వచ్చిన మాట వేరు. “అరే, గిది మన ఓసీపీ లెక్కనే ఉన్నది కదరా!”

ఓసీపీ అంటే ఓపెన్ కాస్ట్ ప్రాజెక్టు. బొగ్గు దొరికే దాకా పైనున్న మట్టినీ రాయినీ మొత్తం ఎత్తి పక్కన పోస్తారు. అట్లా పోసిన మట్టి గుట్టలై, ఆ గుట్టలు ఊరికి ఒక పక్క కొండల వరసలాగా నిలబడతాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పిల్లలకు అవి దేవుడు పెట్టిన గుట్టలో మనిషి పోసిన గుట్టలో తేడా తెలియదు. లోయ అంచున నిలబడి కిందికి చూస్తే మెట్లు మెట్లుగా బెంచీలు, అడుగున నల్లటి పొర, ఆ పొర మీద చీమల్లాగా పాకే డంపర్లు. ఇదంతా ఏ గ్రాఫిక్సూ లేకుండా, ఎప్పుడు పోతే అప్పుడు కనిపించే దృశ్యం.

ఇంకో సంగతి కూడా ఉంది. ‘కల్కి’ హీరో ప్రభాస్ ఈ ఊరికి కొత్త కాదు. 2021 మొదట్లో ‘సలార్’ చిత్రీకరణ మొదలైంది గోదావరిఖని బొగ్గు గనుల్లోనే. ఆ రోజుల్లో షూటింగ్ చూడటానికి పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు గాని, పోయామని చెప్పేవాళ్లు మాత్రం ప్రతి వాడకట్టులో దొరుకుతారు. 2023 డిసెంబరు 22న ‘సలార్’ తెర మీదికి వచ్చాక, కథ ఎట్లున్నా సరే, “గా తావు మనదే” అని హాల్లో పక్కవాడికి చూపించుకున్నారు. ఆ తర్వాత ఐదు రోజులకే, డిసెంబరు 27న, ఈ గనులు నడిపే సింగరేణి సంస్థలో గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికలు జరిగాయి. ఏఐటీయూసీ గెలిచింది. ఒకే వారంలో ఒకే ఛాయ్ హోటల్ బల్ల మీద ఈ రెండూ చర్చకు వచ్చాయి, రెండూ ఒకే గొంతుతో వచ్చాయి.

ఇది ఊరికే అన్న మాట కాదు. బొగ్గుబెల్టు అభిమానికి వాదించే పద్ధతి గేట్ మీటింగుల నుంచి అబ్బింది. గని గేటు ముందు నిలబడి నాయకుడు మాట్లాడుతుంటే వినీ వినీ వచ్చిన తీరు అది. మన డిమాండు ఏమిటి, యాజమాన్యం ఇచ్చింది ఎంత, ఇస్తానని ఇవ్వనిది ఎంత. ట్రైలర్‌నూ అట్లే జమాఖర్చు వేస్తారు. టీజర్లో చూపించింది ట్రైలర్లో ఉందా? కమల్‌హాసన్‌ను ఎంతసేపు చూపించారు? మన హీరోకు ఫైట్లెన్ని? ఇస్తానన్న తేదీకి ఇస్తాడా, మళ్లీ వాయిదానా? ‘కల్కి’ తేదీ అప్పటికే ఒకటికి రెండుసార్లు జరిగింది. చివరికి మే 9 అన్నది జూన్ 27 అయింది. వాయిదా పడ్డ ఒప్పందాన్ని నమ్మే అలవాటు కార్మికుడికి ఉండదు కదా.

ట్రైలర్ కంటే ముందు ఇంకోటి వచ్చింది. ‘బుజ్జి అండ్ భైరవ’. సినిమా కథకు ముందుమాటగా తీసిన యానిమేషన్ సిరీస్. ప్రైమ్ వీడియోలో మే 31న రెండు భాగాలు పెట్టారు. ఛోటా భీమ్‌ను పుట్టించిన హైదరాబాద్ సంస్థ గ్రీన్ గోల్డ్ దాన్ని తయారు చేసింది. భైరవ అనే వేటగాడు, బుజ్జి అనే మాట్లాడే యంత్రం ఎట్లా జట్టు కట్టారన్నది కథ. బుజ్జికి గొంతు కీర్తి సురేశ్‌ది. సైన్స్ ఫిక్షన్‌ను తెలుగులో ఇట్లా ముందు బొమ్మల సిరీస్‌గా, తర్వాత సినిమాగా ఇవ్వడం కొత్త ఎత్తు. పెద్దవాళ్లు దాన్ని పిల్లల వ్యవహారమని పక్కన పెట్టారు. నాకైతే సినిమా ట్రైలర్ కంటే ఆ సిరీసే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది. అందులో హాస్యం ఉంది, గొప్ప చెప్పుకునే తొందర లేదు.

ఇక ట్రైలర్లోని మాట్లాడే కారు ఆ బుజ్జే. ఉత్తుత్తి బొమ్మ కాదు, నిజంగా తయారు చేసిన బండి. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ కలిసి కట్టారు. మే 22న రామోజీ ఫిలిం సిటీలో ప్రభాస్ దాన్ని నడుపుకుంటూ వచ్చాడు. బరువు 6 టన్నులని ఘనంగా ప్రకటించారు. ఆ ప్రకటన విన్న ఓసీపీ డంపర్ ఆపరేటర్ ముఖం ఎట్లా పెట్టి ఉంటాడో ఊహించుకోండి. అతను ఒక్కో ట్రిప్పుకు 60 టన్నులు, 100 టన్నులు ఎత్తుకుపోయే బండి మీద రోజూ ఎనిమిది గంటలు కూర్చునేవాడు. ఆ బండి చక్రం మనిషి కంటే ఎత్తు. “ఆరు టన్నులా? నా బండి మీద పోసే బండరాయంత లేదు” అని నవ్వుకుంటాడు. కానీ అదే మనిషి బుజ్జి చక్రాలను మాత్రం ఊరికే వదల్లేదు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక ఒకటే. మలుపు దగ్గర వెనక చక్రం జారదా, ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఎటు పడుతుంది, గేరు ఎక్కడుంది. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పేవాళ్ల మధ్య సినిమా కారు నడపడం అంత సులువు కాదు.

శబ్దం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. రేడియోలో మాట్లాడుతూ చెవి గురించి చెప్పకుండా పోతే బాగుండదు.

పాత తరం బాయి కార్మికుడు చీకట్లో సగం చెవితోనే బతికాడు. పని మొదలు పెట్టే ముందు గని పైకప్పును కర్రతో, రాడ్‌తో కొట్టి చూస్తారు. కంగుమని గట్టిగా పలికితే కప్పు నిలకడగా ఉన్నట్టు. బోలుగా, డొల్లగా పలికితే పొర విడిపోయినట్టు, అక్కడ నిలబడకూడదు. దుంగలు కీచుమన్నా, పైనుంచి చిన్న పలుకు రాలినా అది కబురే. అట్లాంటి చెవి ఉన్న బాపుకు కొడుకు ఫోన్లో ట్రైలర్ చూపిస్తే ఏమంటాడు? మొదటి నుంచి చివరి దాకా ఢమఢమలే. “బాయిల గింత చప్పుడైతే చూసుకుంట నిలవడరు బిడ్డా, బయటికి ఉరుకుతరు” అంటాడు. ఇది ఎగతాళి అనుకునేరు. ట్రైలర్లలో ఈ మధ్య వచ్చిన జబ్బు అదే. అన్నీ గట్టిగా చెబితే ఏది ప్రమాదమో, ఏది ముఖ్యమో చెవికి తెలియదు. రెండు మోతల మధ్య కాస్త నిశ్శబ్దం ఉంటేనే రెండో మోతకు గుండె ఆగుతుంది. నిశ్శబ్దం బరువు ఈ ప్రాంతానికి అనుభవంలోంచి తెలుసు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది చనిపోయారు. ఆ పేరు వింటే ఇప్పటికీ మాటలు ఆగిపోయే ఇళ్లున్నాయి.

మళ్లీ ట్రైలర్ దగ్గరికి వద్దాం. ఆ కథాలోకంలో డబ్బును యూనిట్లు అంటారు. భైరవకు పది లక్షల యూనిట్లు పోగు చేయాలని ఆశ. అన్ని యూనిట్లుంటే పైనున్న కాంప్లెక్స్‌లోకి ప్రవేశం దొరుకుతుంది. అక్కడ నీళ్లుంటాయి, చెట్లుంటాయి, తిండి ఉంటుంది. కింద కాశీలో ఉన్నవాళ్లకు ఏమీ ఉండదు.

ఈ లెక్క ఖనిలో చదువుకున్న కుర్రాళ్లకు వెంటనే ఎక్కింది. వీళ్లలో చాలామంది బీటెక్‌లు, డిగ్రీలు చేసి, తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే డిపెండెంట్ ఉద్యోగంలో బదిలీ వర్కర్‌గా బాయి దిగినవాళ్లు. ఏడాదిలో భూగర్భంలో 190 మస్టర్లు, అంటే హాజరులు, పైన సర్ఫేసులో అయితే 240 మస్టర్లు నిండితే జనరల్ మజ్దూర్‌గా పర్మినెంట్ అవుతారు. అంతదాకా ఒక్కో మస్టర్ లెక్కే. పెళ్లికి పోతే ఒకటి పోయింది, జ్వరం వస్తే మూడు పోయాయి. కాబట్టి తెర మీద ప్రభాస్ యూనిట్లు లెక్కపెట్టుకుంటుంటే హాస్యం అనిపించలేదు. “అన్నకు ఇంకా మస్టర్లు పడలే” అన్న మాట ఒకటి పుట్టి ఆ నెలంతా తిరిగింది.

కాంప్లెక్స్ గురించి పుట్టిన మాట ఇంకొంచెం కారంగా ఉంది. ఆకాశంలో వేలాడే ఆ తలకిందుల పిరమిడ్ ఏమిటని ఒకడు అడిగితే, “హైదరాబాదురా” అన్నాడు ఇంకొకడు. ఆలోచిస్తే అందులో అబద్ధమెంత? రామగుండం ఎన్టీపీసీ 1983 నుంచి కరెంటు పుట్టిస్తున్నది, పాత ప్లాంటు సామర్థ్యమే 2,600 మెగావాట్లు. దానికి బొగ్గు ఇక్కడి గనులదే. పక్కనే ఎల్లంపల్లి దగ్గర గోదావరిని ఆపి, ఆ నీళ్లను 2015 చివరి నుంచి గొట్టాల్లో హైదరాబాద్ కుళాయిల దాకా పంపుతున్నారు. బొగ్గు ఇక్కడిది, కరెంటు ఇక్కడిది, నీళ్లు ఇక్కడివి. ఎండ మాత్రం పూర్తిగా ఇక్కడే ఉంచుకున్నాం. మే నెలలో రామగుండం ఎండలు రాష్ట్రమంతా వార్తలకెక్కుతాయి. ఎండిన గంగను చూపించడానికి నాగ్ అశ్విన్ 2898 దాకా పోవాల్సి వచ్చింది. వేసవిలో ఖని వంతెన మీద నిలబడినవాళ్లకు ఇసుక తప్ప ఏమీ కనిపించని రోజులున్నాయి.

ఇదే ఊరు ఏడాది ముందు ఇంకో ట్రైలర్‌ను వేరే కంటితో చూసింది. 2023 మార్చిలో ‘దసరా’. బొగ్గు గనుల పక్క పల్లె కథ, నాని హీరో. అప్పుడు ఇక్కడివాళ్లు యాస పట్టుకున్నారు. ఏ మాట మనది, ఏ మాట అతికించింది అని పరీక్ష పెట్టారు. తన గురించి తీసిన సినిమాలో మనిషి తప్పులే వెతుకుతాడు. ‘కల్కి’ తమ గురించి కాదు కాబట్టి తమనే చూసుకున్నారు. నాకు ఈ రెండోదే ఆసక్తిగా ఉంది.

తండ్రుల తరానికి కూడా ఒక సైన్స్ ఫిక్షన్ ఉంది. 1991 జులైలో ‘ఆదిత్య 369’. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, హీరో బాలకృష్ణ, ఒక టైమ్ మెషిన్. ఆ సినిమాకు ట్రైలర్ అంటే టీవీలో వచ్చిన ప్రకటన. అందులో చిరంజీవి కనిపించి, ఈ సినిమా చూడండని చెప్పాడు. బాలకృష్ణ సినిమాకు చిరంజీవి ప్రచారం! ఇప్పటి అభిమానులకు ఇదే అసలైన సైన్స్ ఫిక్షన్ అనిపిస్తుంది. ఆ యంత్రం హీరోను రాయలవారి కాలానికి తీసుకుపోయింది, తర్వాత 2504లోకి తీసుకుపోయింది, మళ్లీ ఇంటికి తెచ్చింది. అదే సింగీతం ‘కల్కి’ తొలి రోజుల్లో నాగ్ అశ్విన్‌కు పెద్దదిక్కుగా నిలబడ్డాడు.

‘ఆదిత్య 369’ వచ్చిన నాడు సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులున్నారు. ఇప్పుడు నలభై వేల దరిదాపు. తట్టా చెమ్మస్‌తో చేతులతో బొగ్గు ఎత్తే పని పోయి, యంత్రాలు వచ్చి, భూగర్భ గనులు మూతపడి ఓసీపీలు తెరుచుకుని ఇట్లా అయింది. అప్పటివాళ్లకు రేపు అంటే పోయి చూసి తిరిగి వచ్చే చోటు. ఇప్పటివాళ్లకు గని ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది, మన వంతు దాకా బొగ్గు ఉంటుందా అన్నది రేపు. ట్రైలర్ చూసి లేచి పోతూ “2898 దాకా ఎందుకుగానీ, 2048ల ఖని ఉంటదా చెప్పు” అన్నవాడిని తప్పు పట్టలేం.

ఈ భయం కొత్తది కాదు. జూల్ వెర్న్ పేరు విన్నారు కదా, సముద్రం అడుగునా చంద్రుడి మీదా కథలు రాసిన ఫ్రెంచి ఆయన. 1877లో ఆయన ఒక బొగ్గు గని నవల రాశాడు. స్కాట్లండ్‌లో బొగ్గు అయిపోయిందని మూసేసిన గని. ఒక పాత ఓవర్‌మన్ మాత్రం కుటుంబంతో సహా గనిలోనే ఉండిపోతాడు, ఇంకా పొర ఉందని అతని నమ్మకం. చివరికి పొర దొరుకుతుంది, భూమి లోపలే ఒక ఊరు వెలుస్తుంది. వెర్న్ అది రాయడానికి కొన్నేళ్ల ముందే, 1871 ప్రాంతంలో, ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ మన బొగ్గును గుర్తించాడు. ఆ నవలను మన గనుల భాషలో ఎవరైనా తిరగరాస్తే చదవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. నిజానికి సైన్స్ ఫిక్షన్ కథలకు తవ్వకమంటే మోజు. ‘డ్యూన్’లో ఎడారిని తవ్వి మసాలా తీస్తారు, ‘అవతార్’లో ఖనిజం కోసం ఉపగ్రహాన్నే తవ్వుతారు. తవ్వేవాడు మాత్రం ఎప్పుడూ దూరంగా, హెల్మెట్ కింద ముఖం లేకుండా కనిపిస్తాడు.

‘కల్కి’ మీదా నా ఫిర్యాదు అదే. అంత పెద్ద కాంప్లెక్స్ నడుస్తుంది గదా, దాన్ని షిఫ్టుల్లో నడిపేదెవరు? గ్రీజు పెట్టేదెవరు, బెల్టు తెగితే అతికేదెవరు? యుద్ధం చేసేవాళ్లను చూపించారు, పారిపోయేవాళ్లను చూపించారు, పని చేసేవాళ్లు కనిపించలేదు. డీజిలెక్కడిదని కాక అడిగింది ఇదే ప్రశ్న.

కాలం సంగతికి వస్తే, దర్శకుడు చెప్పిన లెక్క ప్రకారం మహాభారత యుద్ధానంతరం క్రీస్తు పూర్వం 3102 నుంచి 2898 దాకా కథ 6,000 ఏళ్లు. గొప్ప లెక్కే. గోదావరి లోయ బొగ్గు వయసు ఇరవై ఐదు కోట్ల ఏళ్లకు పైమాట. నది అవతల మంచిర్యాల జిల్లా వేమనపల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి ఎముకలు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉన్నాయి, కోటసారస్ అని పేరు. ఆ జంతువు తిరిగిన నాటికే మన బొగ్గు పాతబడింది. తన డ్యూటీలో ఇరవై ఐదు కోట్ల ఏళ్ల వెనక్కి దిగి, ఎనిమిది గంటల తర్వాత పైకి వచ్చేవాడికి టైమ్ మెషిన్ చూపించి ఆశ్చర్యపడమంటే ఎట్లా?

ఆశ్చర్యపడాల్సిన చోటు ఒకటి నేను చెబుతాను. అడ్రియాల లాంగ్‌వాల్ గని. లోపల బొగ్గు గోడ వెంట షియరర్ అనే యంత్రం కోసుకుంటూ పోతుంది. మనుషుల తలల మీద కప్పును మోసేది వరసగా నిలబెట్టిన హైడ్రాలిక్ సపోర్టులు. కోత అయిన కొద్దీ అవి ఒక్కొక్కటే కిందికి కుంగి, ముందుకు జరిగి, మళ్లీ లేచి కప్పును పట్టుకుంటాయి. అవి వదిలేసిన కప్పు వెనక గోఫ్‌లో, అంటే బొగ్గు తీసేసిన ఖాళీలో, కూలిపోతుంది. కూలాలి కూడా, కూలకపోతేనే భయం. ముందు కోత, నెత్తిన ఇనుము, వెనక కూలుతున్న భూమి. ఏ ట్రైలర్లోనైనా ఇంతకంటే మంచి షాట్ చూశారా?

ఈ మాట సినిమా వాళ్ల చెవిన పడుతుందని నాకు పెద్ద ఆశ లేదు. అయినా చెబుతాను. 2022 డిసెంబరులో ఆర్టీసీ, సింగరేణి కలిసి గనులు చూపించే యాత్ర బస్సు మొదలు పెట్టాయి. భూగర్భ గని, ఓపెన్ కాస్ట్, కరెంటు ప్లాంటు చూపించి తీసుకొచ్చారు. ‘కల్కి’ రెండో భాగం రాసేవాళ్లు, కొత్త సిరీస్ ఏదైనా తలపెట్టినవాళ్లు ఎవరైనా సరే, రామగుండం స్టేషన్లో దిగి ఖనికి ఆటో ఎక్కవచ్చు. ఫోను పైన అప్పజెప్పాలి. బూట్లు, హెల్మెటు, ల్యాంపు వాళ్లే ఇస్తారు. లోపల ఏం అడిగినా ఓపికగా చెబుతారు, కాకపోతే ఎదురు ప్రశ్నలు కూడా వేస్తారు. జవాబులు సిద్ధం చేసుకుని వస్తే మంచిది.